శంషాబాద్ నుంచి లేహ్‌కి సైకిలు: సర్దడం మొదలు మళ్లీ బిగించేదాకా నా అనుభవం

సైకిలు పెట్టె మీద ఎన్ని బాణం గుర్తులు వేసినా, విమానం సరుకు అరలో దాన్ని పక్కకి పడుకోబెట్టి మీద సూట్‌కేసులు పేర్చే అవకాశమే ఎక్కువ. దారిలో ఎక్కడో ఒకచోట భద్రతా సిబ్బంది విప్పి చూడటం కూడా మామూలే. అందుకే పెట్టె పక్కవాటుగా బరువు మోసేలా, సైకిలు గురించి ఏమీ తెలియని మనిషి విప్పినా తిరిగి పెట్టగలిగేలా సర్దాలి. జూన్ 8న హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా లేహ్‌కి సైకిలు తీసుకెళ్లినప్పుడు ఈ రెండూ జరిగాయి. వరసగా చెబుతాను.

టికెట్ మే మూడో వారంలో తీశాను. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉండేలా చూసుకున్నాను. విడివిడిగా తీస్తే ఢిల్లీలో పెట్టె దించుకుని, బయటికి మోసుకొచ్చి, మళ్లీ కౌంటర్‌లో ఇవ్వాలి. అర్ధరాత్రి అంత పెట్టెతో ఆ పని ఒంటరిగా అయ్యేది కాదు. చూసుకోవలసిన రెండో సంగతి విమానం రకం. ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 లాంటివైతే పెట్టె ఇబ్బంది లేకుండా పడుతుంది. హైదరాబాద్ నుంచి రాజమండ్రి, తిరుపతి వైపు తిరిగే ఏటీఆర్ విమానాల్లో సరుకు అర చిన్నది, అక్కడ ముందే అడగకుండా వెళ్లకూడదు.

టికెట్ అయ్యాక విమాన సంస్థకి ఈమెయిల్ రాశాను. "సైకిలు తీసుకురావచ్చా" అని అడిగితే "రావచ్చు" అనే జవాబే వస్తుంది, అది కౌంటర్ దగ్గర ఎందుకూ పనికిరాదు. కొలతలతో అడగాలి: అట్టపెట్టె 140 × 80 × 22 సెంటీమీటర్లు, బరువు సుమారు 18 కిలోలు, రెండు విమానాల నంబర్లు, ఎంత కట్టాలి. జవాబు నాలుగు రోజులకి వచ్చింది. మామూలు చెకిన్ బ్యాగుకి పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదంటారు. సైకిలు పెట్టె 240 దాటుతుంది కాబట్టి మినహాయింపు రాతలో ఉండాల్సిందే. నా టికెట్ మీద 15 కిలోలు ఉచితం. ఇంకో 5 కిలోలు ఆన్‌లైన్‌లో ముందే కొన్నాను, 2,250 రూపాయలు. సైకిలు రుసుము విడిగా 1,500, అది కౌంటర్ దగ్గరే కట్టాలన్నారు. అదనపు బరువు కౌంటర్‌లో కొంటే ఇంకా ఎక్కువ పడుతుంది, ఆ సంగతి మాత్రం ముందే తేల్చుకోండి.

అట్టపెట్టె కోసం కొత్తది కొనక్కర్లేదు. సైకిలు దుకాణాలకి కొత్త బండ్లు వచ్చేది అట్టపెట్టెల్లోనే. అయితే బండి బిగించిన సాయంత్రమే ఆ పెట్టెలు పాత సామాన్లవాళ్లకి వెళ్లిపోతాయి. అందుకే వారం ముందే కొండాపూర్‌లో ఒక దుకాణంలో మెకానిక్‌కి చెప్పి ఉంచాను. "29 చక్రం బండిది వస్తే పక్కన పెడతా అన్నా, మంగళవారం రండి" అన్నాడు. 150 రూపాయలు ఇచ్చాను. పెట్టెతోపాటు అడిగి తెచ్చుకోవలసినవి మరో మూడున్నాయి: ఫోర్కు (ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే భాగం) కాళ్ల మధ్య పెట్టే ప్లాస్టిక్ ముక్క, చక్రం ఇరుసు చివర్లకి తొడిగే గుండ్రటి మూతలు, డిస్క్ బ్రేకు ప్యాడ్ల మధ్య దూర్చే చిన్న బిళ్లలు. ఇవన్నీ కొత్త బండితో వచ్చేవే, దుకాణంలో చెత్తబుట్టలో ఉంటాయి. పెట్టె మూలలు బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా లోపలికి పోతే తడిసి ఆరిన అట్ట, వద్దు.

మిగతా సామాను ట్రూప్ బజార్‌లో దొరికింది. ఏసీ రాగి పైపులకి తొడిగే నల్ల ఫోమ్ గొట్టాలు, జిప్ టైలు, మూడంగుళాల బ్రౌన్ టేపు రెండు చుట్టలు, బబుల్ ర్యాప్, అన్నీ కలిపి 620 రూపాయలు. ఫ్రేము గొట్టాలకి ఆ ఏసీ ఫోమ్‌ని మించింది లేదు. నిలువుగా కోసి తొడిగితే అదే పట్టుకుని ఉంటుంది.

సర్దడం జూన్ 7 సాయంత్రం మొదలుపెట్టాను, మూడు గంటలు పట్టింది. పెడళ్లు మాత్రం ముందు వారమే ఒకసారి ఊడదీసి, గ్రీజు రాసి బిగించి ఉంచాను. ఏళ్ల తరబడి కదలని పెడల్ ప్రయాణం ముందు రాత్రి రాదు. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది. ఏ పక్కదైనా ఒకటే గుర్తు: స్పానర్‌ను ఇరుసుకి పైవైపు నిలబెట్టి, సైకిలు వెనక చక్రం వైపు లాగితే వదులవుతుంది. కొన్నిటికి 15 మిల్లీమీటర్ల స్పానర్, కొన్నిటికి లోపలివైపు నుంచి 8 మిల్లీమీటర్ల అలెన్ కీ.

తర్వాత సీటు. రాడ్డు ఫ్రేములోకి దిగే చోట ఎలక్ట్రికల్ టేపు ఒక చుట్టు చుట్టి అప్పుడు లాగాలి. అక్కడికి చేరాక ఎత్తు కోసం తడుముకోవక్కర్లేదు. హ్యాండిల్ విషయంలో చాలామంది స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కుకి కలిపే ముక్క) మొత్తం ఊడదీస్తారు, అది వద్దు. స్టెమ్ తీస్తే ఫోర్కు జారి, అది తిరిగే చోటున్న హెడ్‌సెట్ బేరింగులు బయటపడతాయి. స్టెమ్ ముందున్న నాలుగు బోల్టులు విప్పి హ్యాండిల్ ఒక్కటే తీసి, కేబుళ్లు మెలిపడకుండా పై గొట్టం పక్కన వేలాడదీసి కట్టాలి. ఆ నాలుగు బోల్టులు, మూత మళ్లీ స్టెమ్‌కే చేత్తో బిగించేయాలి. సంచిలో వేస్తే ఒక బోల్టు పోవడం ఖాయం, ఆ సైజు బోల్టు లేహ్‌లో వెతుక్కోవాలి.

వెనక డీరైలర్ (గేరు మార్చినప్పుడు చైనును ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే భాగం) దగ్గర కాస్త ఎక్కువసేపు ఉండండి. పెట్టె కుడివైపుకి పడుకుంటే మొత్తం బరువు మొదట తాకేది దానికే. డీరైలర్ వంగకపోయినా, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ వంగుతుంది. అది వంగేలాగే చేసిన మెత్తటి అల్యూమినియం ముక్క. గేరును వెనక అన్నిటికంటే చిన్న పళ్లచక్రం మీదికి మార్చి, కేబుల్ వదులయ్యాక, 5 మిల్లీమీటర్ల అలెన్ కీతో డీరైలర్‌ను హ్యాంగర్ నుంచి విప్పాలి. కేబుల్, చైను అలాగే ఉండనిచ్చి, దాన్ని బబుల్ ర్యాప్‌లో చుట్టి చైన్‌స్టే (పెడళ్ల దగ్గర్నుంచి వెనక ఇరుసు దాకా వెళ్లే ఫ్రేము గొట్టం) లోపలివైపు కట్టేయాలి. దీనికి ఐదు నిమిషాలు చాలు. విప్పడం ఇష్టం లేకపోతే ఉల్టా చేయాలి: గేరును పెద్ద పళ్లచక్రం మీదికి మారిస్తే డీరైలర్ కొంత లోపలికి ఒదుగుతుంది. కానీ అది సగం రక్షణే.

ముందు చక్రం తీశాక రెండు పనులు. బ్రేకు ప్యాడ్ల మధ్య ఆ ప్లాస్టిక్ బిళ్ల దూర్చాలి. లేకపోతే లోడింగ్‌లో బ్రేకు లివర్ నొక్కుకుని ప్యాడ్లు దగ్గరికి వచ్చేస్తాయి, చక్రానికి ఉండే బ్రేకు డిస్కు, అంటే రోటర్, వాటి మధ్య దూరదు. ఫోర్కు కాళ్ల మధ్య ముక్క పెట్టి, ఇరుసు కూడా దాంట్లోంచి దూర్చి బిగించాలి. ఫోర్కు పక్కనుంచి వచ్చే ఒత్తిడికి ఓర్చుకోదు. ముందు రోటర్ ఊడదీశాను, ఆరు బోల్టులదైతే టీ25 కీ చాలు. రెండు గట్టి అట్టల మధ్య పెట్టి చుట్టూ టేపు వేశాను. రోటర్ ఒక మిల్లీమీటరు వంగినా ప్రతి చుట్టుకీ ప్యాడ్‌కి రాసుకుంటుంది. చక్రాన్ని ఫ్రేముకి ఎడమవైపున, మధ్యలో నిలువెత్తు అట్ట పెట్టి, మూడు చోట్ల కట్టాను. ఇరుసుకి మూత తొడగడం మరిచిపోవద్దు. మొనదేలిన ఆ చివరే ఫ్రేముకి గుచ్చుకునేది.

వెనక చక్రం తీయలేదు. ముందు పళ్లచక్రం పెట్టె అడుగును చీల్చకుండా దాని కింద మూడు పొరల అట్ట మడిచి పెట్టాను.

టైర్లలో గాలి మొత్తం తీసేయమంటారు. సరుకు అరలో కూడా క్యాబిన్‌లాగే ఒత్తిడి ఉంచుతారు కాబట్టి మామూలు గాలితో టైరు పేలే ప్రసక్తి లేదు. హైదరాబాద్‌లో నింపిన టైరు లేహ్ ఎత్తున, అంటే 3,500 మీటర్ల దగ్గర, సుమారు 4 పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది, అంతే. అయినా కౌంటర్ దగ్గర వాదన దండగ. వేలితో నొక్కితే దిగేంత వదిలి మిగతాది తీసేశాను. ట్యూబ్‌లెస్ అయితే పూర్తిగా తీయకూడదు. టైరు అంచు రిమ్ము వదిలేస్తే లోపలి సీలెంట్ (రంధ్రాలు పూడ్చే ద్రవం) కారుతుంది, చేతిపంపుతో మళ్లీ కూర్చోబెట్టడం చాలా కష్టం.

పెట్టెలో పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. పంక్చర్ సొల్యూషన్ ట్యూబు మండే పదార్థం, దాని బదులు జిగురు అక్కర్లేని ప్యాచులు తీసుకున్నాను. తుప్పు వదిలించే స్ప్రే డబ్బాలు, గాలి నింపే చిన్న కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు ఇంట్లోనే వదిలేశాను. చైను ఆయిల్ లేహ్‌లో కొన్నాను. పవర్ బ్యాంకు, విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్‌లో పెట్టకూడదు. లైట్లు, సైకిలు మీటరు కూడా వాటితోనే ఉంచాను. అలెన్ కీలు, మల్టీటూల్ మాత్రం ఉల్టా, క్యాబిన్‌లోకి రానివ్వరు. బ్యాటరీ సైకిలు ఉన్నవాళ్లకి దారి మూసినట్టే: 160 వాట్ అవర్లు దాటిన బ్యాటరీ ప్రయాణికుల విమానంలో ఎక్కదు, ఆ సైకిళ్ల బ్యాటరీలు దాదాపు అన్నీ అది దాటినవే.

పెట్టె మూసే ముందు లోపలి ఫొటోలు నాలుగు వైపుల నుంచి తీశాను, వాటిలో ఒకటి ప్రింటు తీసి పైఅట్ట లోపలివైపు అంటించాను. విప్పినవాళ్లు ఏది ఎక్కడుండాలో చూసుకుంటారని. పేరు, ఫోన్ నంబరు, పీఎన్ఆర్ పెట్టె బయట రెండు వైపులా, లోపల ఫ్రేముకి ఒకటి. చేతులు దూరేలా రెండు చివర్లా రంధ్రాలు కోసి అంచులకి టేపు వేశాను. పట్టు లేని పెట్టెను ఎవరైనా ఈడ్చేస్తారు. బరువు చూస్తే 18.4 కిలోలు. బాత్రూమ్ బరువు మిషన్ మీద పెట్టె పట్టుకుని నిలబడి, మన బరువు తీసేస్తే సరిపోతుంది.

జూన్ 8 సాయంత్రం ఏడున్నరకి విమానం. సెడాన్ డిక్కీలో ఈ పెట్టె పట్టదు, వెనక సీట్లు మడిచే ఏడు సీట్ల బండే కావాలి. క్యాబ్ బుక్ అయ్యాక డ్రైవర్‌కి ఫోన్ చేసి "అన్నా, 140 సెంటీమీటర్ల పెట్టె ఉంది, సీట్లు మడవాలి" అని చెప్పండి. మొదట వచ్చిన బండికి సీట్ల వెనక గ్యాస్ సిలిండర్ ఉండటంతో డ్రైవర్ కుదరదన్నాడు. రెండోది దొరికేసరికి 25 నిమిషాలు పోయాయి. మృగశిర కార్తె, చేప ప్రసాదం జనంతో నాంపల్లి వైపు కిటకిటలాడుతుందని అవుటర్ మీదుగా వెళ్లాం. టోలుతో కలిపి 1,350. నాలుగున్నరకి శంషాబాద్‌లో దిగాం. మూడు గంటల ముందు చేరడం అతి జాగ్రత్త ఏమీ కాదు.

ట్రాలీ మీద పెట్టెను అడ్డంగా పెడితే లోపలికి వెళ్లే గేటులో పట్టదు. పొడుగ్గా పెట్టి ఒక చేత్తో పట్టుకోవాలి. డిజి యాత్ర గేట్ల వైపు వెళ్లకుండా సిబ్బంది ఉండే వరసలోనే నిలబడ్డాను. చెకిన్ వరసలో 20 నిమిషాలు. కౌంటర్‌లో అమ్మాయి పెట్టె చూసి "సైకిలా సార్? ఒక్క నిమిషం" అని సూపర్‌వైజర్‌ని పిలిచింది. ఈమెయిల్ ప్రింటు చూపించాను. కొలతలు అందులో ఉండటంతో మాట పెరగలేదు. 1,500 రసీదు రాయించుకుని రావడానికి వేరే కౌంటర్‌కి పంపారు, మరో పావుగంట.

తర్వాత లిమిటెడ్ రిలీజ్ ట్యాగ్ మీద సంతకం అడిగారు. సున్నితమైన వస్తువు దెబ్బతింటే సంస్థకి బాధ్యత లేదని దాని అర్థం. పెట్టకపోతే పెట్టె తీసుకోరు, పెట్టాల్సిందే. కానీ అందులో ఏ గడికి టిక్కు పెట్టారో చదవండి. "ప్యాకింగ్ సరిగా లేదు" అన్న గడికి పెట్టబోతే, అప్పటికి పెట్టె ఏ గాటూ లేకుండా ఉందని చూపించి "సున్నితమైనది" అన్నదానికి మార్పించాను. ఏదైనా ఫిర్యాదు చేయాల్సి వస్తే ఆ తేడా లెక్కకి వస్తుంది. కౌంటర్ ముందే పెట్టె ఫొటో కూడా తీసుకున్నాను. ట్యాగు మీద చివరి ఊరు లేహ్ కోడ్ ఐఎక్స్ఎల్ ఉందా, ఢిల్లీ డీఈఎల్ ఒక్కటే ఉందా అన్నది అక్కడే చూసుకోవాలి.

పెట్టె బెల్టు మీద పోదు. పెద్ద సామాను కోసం విడిగా ఉన్న ఎక్స్‌రే దగ్గరికి లోడర్‌తో కలిసి వెళ్లాం. తెరమీద ఫ్రేము, పళ్లచక్రాలు స్పష్టంగా కనిపించాయి. ఆగింది పనిముట్ల దగ్గర: అలెన్ కీలు, పెడళ్లు ఒకే చోట ఉంటే తెరమీద ఒక నల్లటి ముద్దలా కనబడతాయి. విప్పమన్నారు. పనిముట్లన్నీ పారదర్శకమైన జిప్ సంచిలో, పైఅట్టకి సరిగ్గా కిందనే పెట్టాను కాబట్టి ఒక్క టేపు కోస్తే చేతికొచ్చాయి. అధికారి సంచి విప్పి ఒక్కొక్కటి పక్కన పెట్టి, పేలుడు పదార్థాల పరీక్ష కోసం ఒక గుడ్డముక్కతో ఫ్రేము, పెట్టె లోపలి అంచు తుడిచి మిషన్‌లో పెట్టారు. మొత్తం 12 నిమిషాలు. టేపు చుట్ట చేతిలోనే ఉంచుకోవడం అక్కడ పనికొచ్చింది. చివరికి పెట్టె ప్లాస్టిక్ తెరల వెనక్కి వెళ్లిపోయాక చేతులు తేలికయ్యాయి గానీ మనసు మాత్రం దాని వెంటే వెళ్లింది.

ఢిల్లీలో రాత్రంతా కూర్చుని, తెల్లవారాక లేహ్ విమానం ఎక్కాం. దిగాక బెల్టు దగ్గర అందరి సామానూ వచ్చింది, బెల్టు ఆగిపోయింది, పెట్టె రాలేదు. 50 నిమిషాలు నిలబడ్డాను. గుండె జారిపోయింది. సిబ్బంది ట్యాగు నంబరు కొట్టి, లోడు ఎక్కువై ఢిల్లీలో దించేశారని, మర్నాడు ఉదయం విమానంలో వస్తుందని చెప్పారు. లేహ్ విమానాలకి ఇది కొత్త కాదు. గాలి పలచగా ఉండే ఆ ఎత్తున విమానం మోయగల బరువు తగ్గుతుంది, విమానాలు ఎక్కువగా పొద్దుటి పూటే తిరుగుతాయి, కాబట్టి బరువు మించితే మొదట దిగేది ఇలాంటి పెద్ద పెట్టెలే. హాలు దాటి బయటికి రాకముందే సామాను రాలేదన్న ఫారం రాయించుకుని కాపీ తీసుకోవాలి. మందులు, జాకెట్టు, సైకిలు బూట్లు, హెల్మెట్ చేతి సంచిలోనే ఉన్నాయి. ఎలాగూ లేహ్‌లో మొదటి రెండు రోజులు సైకిలెక్కకూడదు, శరీరం ఆ గాలికి అలవాటు పడాలి. అందుకని ఆలస్యం వల్ల నష్టమేమీ జరగలేదు. నిద్ర మాత్రం పట్టలేదు.

మర్నాడు తొమ్మిదిన్నరకి ఫోన్ వచ్చింది. పెట్టె మీద బ్రౌన్ టేపు పైన తెల్ల టేపు ఉంది, అంటే దారిలో మరోసారి విప్పారు. సిబ్బంది ముందే తెరిచాను. ముందు చక్రం కట్టిన మూడు టైలూ కోసి ఉన్నాయి, చక్రాన్ని తిప్పి పెట్టారు, ఇరుసు చివర నేరుగా ఫ్రేము వైపుకి ఉంది. మూత, మధ్యలో అట్ట ఉండబట్టి రంగు కూడా పోలేదు. అట్ట మీద మాత్రం రూపాయి బిళ్లంత గుంట. డీరైలర్ కట్టింది కట్టినట్టే ఉంది.

హైదరాబాద్‌లో ముప్పావుగంటలో అయ్యే బిగింపు లేహ్‌లో గంటన్నర పట్టింది, వంగి లేచిన ప్రతిసారీ ఆయాసం. స్టెమ్ బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా, పైనా కిందా సందు సమానంగా ఉండేలా బిగించాలి, మామూలుగా 5 న్యూటన్ మీటర్లు, స్టెమ్ మీదే రాసి ఉంటుంది. హైడ్రాలిక్ బ్రేకు మొదట మెత్తగా అనిపిస్తే కంగారు పడొద్దు. పెట్టె తలకిందులైనప్పుడు బ్రేకు ద్రవం ఉండే రిజర్వాయర్‌లోని గాలి గొట్టంలోకి జారి ఉండొచ్చు. సైకిలును నిలబెట్టి లివర్ పది ఇరవై సార్లు నొక్కితే చాలావరకు సర్దుకుంటుంది. సర్దుకోకపోతే మాత్రం బ్లీడ్ చేయించకుండా, అంటే ఆ గాలి తీయించకుండా, దిగుడు రోడ్డెక్కకూడదు.

వచ్చేటప్పుడు అదే పెట్టె. గెస్ట్‌హౌస్ వాళ్లు స్టోర్‌రూంలో దాచి ఇచ్చారు. ఒక పక్క మెత్తబడితే లోపల రెండో పొర అట్ట వేశాను. లేహ్‌లో తనిఖీ ఇంకా గట్టిది, సమయం ఎక్కువ పెట్టుకోండి. డబ్బు దాదాపు వెళ్లినప్పటంతే. శంషాబాద్‌లో బెల్టు దగ్గర కాకుండా, పక్క తలుపులోంచి 35 నిమిషాల తర్వాత చేత్తో తెచ్చిచ్చారు.

ఇంటికొచ్చి బిగించాక వెనక నుంచి చూస్తే డీరైలర్ పంజరం (చైను దూరే కింది భాగం) చక్రం వైపు ఒక పిసరు వాలినట్టుంది. డీరైలర్ విప్పి కట్టినా, ఖాళీ హ్యాంగర్ పెట్టె గోడకి ఆనుకునే ఉంటుంది కదా. దుకాణంలో హ్యాంగర్ గేజ్ పెట్టి సరిచేశారు, 300 రూపాయలు. హ్యాంగర్ ఒక్కో మోడల్‌కి ఒక్కో రకం, బయట ఊళ్లో దొరకదు, అందుకే అదనంగా ఒకటి పనిముట్ల సంచిలో ఎప్పుడూ ఉండాలి. విమానం దిగిన సైకిలుని మొదటిసారి తొక్కేముందు చక్రం ఎత్తి, చేత్తో పెడల్ తిప్పుతూ, ఒక్కో గేరూ మార్చుకుంటూ పెద్ద పళ్లచక్రం దాకా వెళ్లండి. హ్యాంగర్ లోపలికి వంగి ఉంటే డీరైలర్ చక్రం ఆకులకి (స్పోకులకి) తగిలి టిక్కుటిక్కుమంటుంది. ఎక్కి తొక్కుతూ మొదటిసారి ఆ గేరు వేస్తే అది ఆకుల్లో ఇరుక్కుని, హ్యాంగరూ డీరైలరూ ఆకులూ ఒకేసారి పోతాయి.